మట్టిని ఆపాలి... నీటిని వదలాలి!

కొండవాలులో ఇల్లు, ఎత్తుపల్లాల పెరడు... చూడ్డానికి బాగానే ఉంటాయి. వాన పడితేనే గుండె దడ. ఆ దడను తగ్గించేది ఓ రాతిగోడ. సరిగ్గా కడితే మనవళ్ల కాలం దాకా నిలుస్తుంది. తప్పుగా కడితే మొదటి ముసురుకే కూలుతుంది. ఆ రెండింటికీ తేడా ఎక్కడుంది?

తొలకరి పడగానే ఊళ్లో అందరూ వంటింట్లో పకోడీల వాసన కోసం చూస్తారు. వాలు మీద ఇల్లు కట్టుకున్నవాళ్లు మాత్రం పెరటి వైపు చూస్తారు. నిన్నటిదాకా మల్లెపొద పక్కనున్న మట్టి ఈ రోజు గుమ్మం ముందుకొచ్చి ఉంటుంది. కాలవంతా ఎర్రటి బురద. జామచెట్టు వేళ్లు బయటపడి, ఎవరో కింద నుంచి మట్టి తోడేసినట్టు కనిపిస్తుంది. విశాఖలో కొండల చుట్టూ ఉన్న కాలనీల్లో, విజయవాడ మొగల్రాజపురం, గుణదల వైపు, హైదరాబాద్‌లో గుట్టల్ని చదును చేసి వేసిన లేఅవుట్లలో ఇది ఏటా కనపడే దృశ్యమే.

దీనికి అందరికీ తెలిసిన మందు ఒకటే... అడ్డంగా గోడ కట్టెయ్యడం. ఇంజినీర్లు రిటైనింగ్ వాల్ అంటారు, మేస్త్రీలు సింపుల్‌గా రాతికట్టు అంటారు. చిక్కేమిటంటే, చాలామంది దీన్ని ప్రహరీ గోడలాగే అనుకుంటారు. ప్రహరీ తన బరువు తాను మోసుకుంటే చాలు. కానీ ఈ గోడ అలా కాదు. ఇరవైనాలుగు గంటలూ, మూడొందల అరవై అయిదు రోజులూ దాన్ని వెనక నుంచి మట్టి నెడుతూనే ఉంటుంది. ప్రహరీ కట్టినట్టే దీన్నీ కట్టేస్తే ఏమవుతుందో గత కొన్నేళ్ల వార్తలు చూస్తే చాలు.

2019 జూన్ చివర్లో పుణెలోని కోంఢ్వాలో ఓ గోడ కూలి, దాని పక్కనే రేకుల షెడ్లలో ఉంటున్న కూలీల కుటుంబాల్లో 15 మంది చనిపోయారు. అదే ఏడాది డిసెంబరు 2 తెల్లవారుజామున తమిళనాడులోని మేట్టుపాళయం దగ్గర ఓ పెద్ద రాతిగోడ పక్కనున్న ఇళ్ల మీద పడి, నిద్రలో ఉన్న 17 మంది ప్రాణాలు పోయాయి. 2025 ఏప్రిల్ 30న సింహాచలంలో చందనోత్సవం వేళ క్యూలైను పక్క గోడ కూలి ఏడుగురు భక్తులు మరణించారు. ఒక్కో గోడ కథ వేరు, లోపాలు వేరు. కానీ మూడు చోట్లా ఉన్నది ఒక్కటే... గోడ కూలేముందు కురిసిన వాన!

నీళ్లే అసలు శత్రువు

పొడి మట్టిని కుప్పగా పోస్తే అది దాదాపు 30 నుంచి 35 డిగ్రీల వాలులో తనంతట తానే నిలబడుతుంది. అంతకన్నా నిటారుగా నిలపాలంటే ఏదో ఒకటి అడ్డం పెట్టాలి. అంటే గోడ మోసేది మట్టి మొత్తాన్ని కాదు, ఆ వాలుకు పైనున్న ముక్కను మాత్రమే. అందుకే మీటరు ఎత్తు గోడను, తడిలేని మామూలు మట్టి నెట్టే బలం గోడ పొడవులో ప్రతి మీటరుకూ పావు టన్నును కాస్త మించుతుంది, అంతే. మంచి రాతిగోడకు ఇది లెక్కలోకి రాదు.

ఇప్పుడు అదే గోడ వెనక నీళ్లు నిలిచాయనుకోండి. మీటరు లోతు నీళ్లు ఒక్కటే ప్రతి మీటరు పొడవుకూ అర టన్ను బలంతో నెడతాయి. మట్టి తోపుడు దీనికి అదనం. అంటే గోడ మీద భారం రెట్టింపు దాటిపోతుంది. పైగా నానిన మట్టికి పట్టు ఉండదు, పునాది కింద నేల కూడా మెత్తబడుతుంది. మూడు దెబ్బలూ ఒకేసారి తగులుతాయన్నమాట. అందుకే ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా నిలబడిన గోడ, మూడు రోజుల ముసురు పట్టాక నాలుగో రోజు తెల్లారేసరికి నేలమట్టమవుతుంది.

వాన నీటి బరువెంతో కూడా చాలామందికి అంచనా ఉండదు. వంద చదరపు మీటర్ల పెరట్లో 100 మిల్లీమీటర్ల వాన పడితే వచ్చే నీళ్లు 10 వేల లీటర్లు. అంటే 10 టన్నులు! అవి ఎటు పోవాలో మనం దారి చూపించకపోతే, అవే దారి చూసుకుంటాయి.

ఎత్తు విషయమూ అంతే. గోడ ఎత్తు రెట్టింపు చేస్తే మట్టి తోపుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. గోడను తిరగేసే ప్రభావమైతే ఎనిమిదింతలు. మూడడుగుల గోడ బాగానే ఉంది కదా అని దాని మీదే ఇంకో మూడడుగులు లేపేస్తే ఏమవుతుందో ఈ ఒక్క లెక్కే చెబుతుంది.

తాతలనాటి విద్యే!

ఇదేదో పట్నాల్లో పుట్టిన కొత్త విద్య అనుకుంటే పొరపాటే. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లాల కొండల నుంచి పక్కనే ఉన్న ఒడిశా దాకా సవర గిరిజనులు తరతరాలుగా కొండవాలును మెట్లుమెట్లుగా మలిచి వరి పండిస్తున్నారు. ఒక్కో మెట్టుకూ ముందు రాతికట్టు. సిమెంటు లేదు, సున్నం లేదు. వాగు నీళ్లు పై మడి నుంచి కింద మడికి ఒద్దికగా దిగిపోతాయి, మట్టి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. మట్టిని ఆపి నీటిని వదలడమంటే ఇదే.

హంపి వెళ్లినవాళ్లు అక్కడి కోటగోడల్ని చూసే ఉంటారు. పెద్ద పెద్ద రాళ్లను ఒకదానికొకటి అమరేలా చెక్కి, మధ్యలో మట్టీ చిన్నరాళ్లూ కూరి, సున్నం చుక్క వాడకుండా నిలబెట్టారు. మన రెండు రాష్ట్రాల్లోనూ రాయి కొట్టడం, బావులు తవ్వడం, చెరువు కట్టలు వేయడం వడ్డెరల కులవృత్తి. రాయిని ఏ మూల కొడితే ఎటు పగులుతుందో చెయ్యి పెట్టి చెప్పగల నైపుణ్యం వాళ్లది. కాంక్రీటు వచ్చాక ఆ చేతులకు పని తగ్గింది.

ఐరోపాలో మాత్రం ఈ విద్యకు ఇప్పుడు పెద్దపీట. క్రొయేషియా, సైప్రస్, ఫ్రాన్స్, గ్రీస్, ఇటలీ, స్లొవేనియా, స్పెయిన్, స్విట్జర్లాండ్... ఈ ఎనిమిది దేశాల్లో అతుకు లేకుండా రాళ్లు పేర్చి గోడలు కట్టే కళను యునెస్కో 2018లో మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మన దగ్గరా దీన్ని నాటు పని అని తీసిపారెయ్యలేదు. కొండ ప్రాంతాల్లో అడ్డుగోడల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ 1990ల చివర్లో తెచ్చిన ఐఎస్ 14458లో ఒక భాగమంతా ఇలా పేర్చి కట్టే రాతిగోడల గురించే.

గోడకు ముందు నేలను చదవాలి

పెరట్లో సొంతంగానో, మేస్త్రీని పెట్టుకునో కట్టించదగ్గ గోడ ఎత్తు మూడడుగులు, మహా అయితే నాలుగు. అంతకు మించితే స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి నేల చూసి డిజైన్ ఇవ్వాల్సిందే. గోడ పైభాగంలో ఇల్లుగానీ, రోడ్డుగానీ, కారు నిలిపే చోటుగానీ ఉన్నా, కింద వైపు పక్కింటివాళ్ల గోడ ఉన్నా ఎత్తు తక్కువైనా సరే ఇంజినీర్ని అడగాలి. వెయ్యి లీటర్ల నీళ్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. అది గోడను ఆనుకుని ఉందంటే ఆ బరువులో కొంత గోడ మీదికే వస్తుంది. బరువైనది ఏదైనా గోడ ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్ల దూరంలో ఉండటం మేలు.

మరి పెరడు ఆరడుగుల వాలు ఉంటే? ఆరడుగుల గోడ ఒకటి కట్టే బదులు మూడడుగులవి రెండు కట్టుకోవచ్చు. ఒక్కో మూడడుగుల గోడ మీద పడే తోపుడు ఆరడుగుల దాని మీద పడేదానిలో నాలుగో వంతే. కాకపోతే పై గోడ బరువు కింద గోడ మీద పడకుండా రెండింటి మధ్యా కింద గోడ ఎత్తుకు రెండింతలు, అంటే ఆరడుగులైనా జాగా వదలాలి. ఆ జాగాలో కూరగాయల మడి వేసుకుంటే అదనపు లాభం.

నేల రకం కూడా ముఖ్యం. ఎర్రమట్టి, ఇసుక కలిసిన నేలలు నీటిని తొందరగా వదిలేస్తాయి. నల్లరేగడి అలా కాదు. ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. ఆ ఉబ్బు గోడను నెడుతుంది. రేగడి నేలయితే గోడ వెనక ఆ మట్టినే తిరిగి పోయకుండా తెలంగాణలో మొరం అనీ, కోస్తాలో గ్రావెల్ అనీ పిలిచే గట్టి మట్టిని తెప్పించుకోవాలి. పునాది కూడా ఇంకాస్త లోతుకు వెళ్లాలి.

పని ఎండాకాలంలోనే పెట్టుకోవాలి. సంక్రాంతి దాటాక మొదలుపెట్టి రోహిణి కార్తెలోగా పూర్తి చేసుకుంటే నిశ్చింత. జూన్‌లో వాలు తవ్వి వదిలేస్తే కొత్త ప్రమాదాన్ని కొనితెచ్చుకున్నట్టే. తవ్వేటప్పుడు కూడా గోడ పొడవంతా ఒకేసారి కోసెయ్యకుండా ఆరేడు అడుగులు తవ్వి, అంతమేర కట్టి, ఆ తర్వాత ముందుకెళ్లాలి. నడుమెత్తు దాటిన నిట్టనిలువు తవ్వకం కిందికి ఎవర్నీ దిగనివ్వకూడదు. ఘనమీటరు మట్టి టన్నున్నర పైనే ఉంటుంది. అది విరిగి పడితే తప్పించుకునే వ్యవధి ఉండదు.

ఏ రాయి మంచిది?

దగ్గర్లో దొరికే రాయే మంచిరాయి. రవాణా ఖర్చు తగ్గుతుంది, ఆ నేలలో ఒదిగిపోయినట్టూ ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కలుండే గ్రానైట్ వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గోడకు అంతకన్నా గట్టి రాయి అక్కర్లేదు. ఇంటి పునాది తవ్వినప్పుడో, బోరు కోసం చదును చేసినప్పుడో బయటపడిన రాళ్లను చాలామంది డబ్బులిచ్చి మరీ లారీల్లో పంపించేస్తారు. అవే దాచుకుంటే సగం గోడ ఇంట్లో ఉన్నట్టే. విశాఖ కొండల్లో ఉండేది ఖోండలైట్. ఇది కొన్నిచోట్ల గట్టిగా ఉన్నా, వాతావరణానికి మెత్తబడి ఎర్రమట్టిగా మారిపోయే గుణం ఎక్కువ. చూసి ఎంచుకోవాలి. తాండూరు, కడప వైపు దొరికే పలకరాళ్లు పేర్చడానికి చాలా అనువు. పొరలు పొరలుగా విడతాయి కాబట్టి చెక్కే పని తక్కువ.

రాయి గట్టిదో కాదో తెలుసుకోవడానికి సుత్తి దెబ్బ చాలు. కంగుమని మోగితే గట్టిది. చప్పగా, పగిలిన కుండలా శబ్దం వస్తే లోపల బీటో, మెత్తదనమో ఉన్నట్టు. గుండ్రటి రాళ్లు అందంగా ఉంటాయిగానీ ఒకదాని మీద ఒకటి నిలవవు. వాటిని పగలగొట్టించి వాడుకోవాలి. కనీసం రెండు వైపులైనా చదునుగా ఉన్న రాయి పనికొస్తుంది.

ఎంత రాయి కావాలి? 20 అడుగుల పొడవు, 3 అడుగుల ఎత్తు గోడే తీసుకోండి. అడుగున 2 అడుగులు, పైన 1 అడుగు మందం అనుకుంటే నేల మీద 90 ఘనపుటడుగులు, అడుగు లోతు పునాదికి మరో 40. మొత్తం 130. వంద ఘనపుటడుగుల్ని మన దగ్గర యూనిట్ అంటారు కదా... లారీలో వచ్చే రాళ్ల మధ్య ఖాళీలు పోగా ఒకటిన్నర నుంచి రెండు యూనిట్ల దాకా పడుతుంది. అందులో నాలుగో వంతు చిన్నరాళ్లయితే మధ్యలో కూరడానికి సరిపోతాయి. కంకర దీనికి వేరే.

నేల కింద సగం పని

గోడ కట్టబోయే గీత వెంబడి ముగ్గు వేసి, రెండున్నర అడుగుల వెడల్పున కందకం తవ్వాలి. లోతు కనీసం అడుగు. పైపైన ఉండే నల్లటి, వేళ్లతో నిండిన మెత్తటి మట్టి పూర్తిగా పోయి, గడ్డపార దిగనని మొరాయించే గట్టి నేల తగలాలి. అది ఒకటిన్నర అడుగుల దాకా తగలకపోతే అంతా తవ్వాల్సిందే. ఇక్కడ మిగుల్చుకున్న కూలి డబ్బులు తర్వాత పదింతలై పోతాయి.

కందకం అడుగును దిమ్మిసతో గట్టిపరచాలి. అడుగుభాగం గోడ ముందు వైపు కన్నా వెనక వైపు అంగుళం, రెండంగుళాలు పల్లంగా ఉంటే గోడ మట్టిలోకి వాలి కూర్చుంటుంది. ముందుకు జారదు. మొదటి వరసకు ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్ద, చదునైన రాళ్లు పడాలి. ఎంత అందంగా ఉన్నా సరే, వాటిని పైవరసకు దాచుకోకూడదు! ఒక్కో రాయీ వేశాక దాని మీద నిలబడి చూడాలి. కదిలిందంటే తీసి మళ్లీ వేయాల్సిందే. పునాది రాయి ఊగితే పైన వేసిన ప్రతి రాయీ ఊగుతుంది.

ఒకటి మీద రెండు... రెండు మీద ఒకటి

రాళ్లు పేర్చడంలో సూత్రాలు నాలుగే నాలుగు. ఈ నాలుగూ తెలిస్తే మేస్త్రీ పని బాగా చేస్తున్నాడో లేదో ఇంటివాళ్లే చెప్పెయ్యొచ్చు.

మొదటిది: అతుకు మీద అతుకు రాకూడదు. కింద రెండు రాళ్లు కలిసేచోట పైన ఒక రాయి పడాలి. నిలువు గీత ఒక్కటే వరసగా రెండు మూడు వరసల దాకా కనపడిందంటే, గోడ రేపు ఆ గీత దగ్గరే చీలుతుంది.

రెండోది: రాయి పొడవు గోడ లోపలికి పోవాలి. పొడవాటి ముఖం బయటకి కనపడేలా పెడితే గోడ తొందరగా లేచినట్టు ఉంటుంది, కానీ అది పైన అతికించిన రేకులాంటిదే. చూపు కోసం కాదు, పట్టు కోసం పేర్చాలి.

మూడోది: మధ్యమధ్యలో గోడ మందమంతా పట్టేంత పొడవైన రాయి వేయాలి. మేస్త్రీలు దీన్నే త్రూ స్టోన్ అంటారు. సుమారు అడుగున్నర ఎత్తులో, ప్రతి మూడడుగులకూ ఒకటి ఉంటే ముందు వరసనూ వెనక వరసనూ కలిపి కుడుతుంది.

నాలుగోది: గోడ నిటారుగా ఉండకూడదు. ప్రతి అడుగు ఎత్తుకూ రెండంగుళాల చొప్పున ముఖం వెనక్కి వాలాలి. మూడడుగుల గోడ పైకి వచ్చేసరికి ఆరంగుళాలు లోపలికి పోయి ఉంటుంది. మట్టి గోడను నెడుతుంటే గోడ తన బరువుతో మట్టిని తిరిగి నెట్టాలంటే ఈ వాలు తప్పనిసరి. రెండు చివరలా వాలు ప్రకారం కర్రలు పాతి దారం కట్టి, ప్రతి వరసకూ ఆ దారం పైకి జరుపుకుంటూ పోతే తప్పు జరగదు. వరస సమంగా ఉందో లేదో రసమట్టంతోనో, మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబుతోనో చూసుకోవచ్చు.

పెద్దరాళ్ల మధ్య ఖాళీల్లో చిన్నరాళ్లు ఒక్కొక్కటీ చేత్తో బిగించాలి. తట్టతో గుమ్మరించకూడదు. మట్టి అస్సలు పోయకూడదు, వానకు అది కొట్టుకుపోయి లోపల డొల్ల మిగులుతుంది. రాతి చిప్పల్ని బిగించేటప్పుడు వెనక నుంచి బిగించాలి. ముందు నుంచి కొడితే కొన్నాళ్లకు ఊడిపోతాయి.

చేతులకు గ్లౌజులు, కాళ్లకు బూట్లు, రాయి కొట్టేటప్పుడు కళ్లద్దాలు మరచిపోకూడదు. చాలా రోజులుగా పడున్న రాళ్లగుట్టను కదిపేముందు గడ్డపారతో ఒకసారి కదిలించి చూడాలి. తేళ్లు ఉండేది అక్కడే.

కనపడని వెనకవైపే కీలకం

గోడ లేస్తున్న కొద్దీ వెనకభాగం కూడా నిండుతూ రావాలి. ముందు గోడంతా కట్టేసి తర్వాత లారీ మట్టి ఒకేసారి దించడం పెద్ద తప్పు. గోడను ఆనుకుని అడుగు వెడల్పున 20 నుంచి 40 మిల్లీమీటర్ల కంకర పోయాలి. దాని వెనక మట్టి. ఈ రెండింటి మధ్యా జియోటెక్స్‌టైల్ అనే గుడ్డలాంటి పొర పరిస్తే నీళ్లు పోతాయి, మట్టి కంకరలోకి దూరదు. ఇది దొరక్కపోతే ప్లాస్టిక్ పట్టా వేద్దామని కొందరు అంటారు. వద్దు. పట్టా నీళ్లను కూడా ఆపేస్తుంది.

కంకర అడుగున నాలుగంగుళాల చిల్లుల పైపు, ప్రతి పది అడుగులకూ కనీసం ఒక అంగుళం వాలుతో వేసి, గోడ చివరన బయటకు తీయాలి. ఆ నీళ్లు వీధి కాలవలోకో, తోట పల్లంలోకో పోవాలిగానీ పక్కింటి పెరట్లోకి కాదు. మట్టిని అరడుగు చొప్పున వేస్తూ దిమ్మిసతో కొట్టాలి. గోడకు మరీ దగ్గరగా యంత్రాలు వాడకూడదు. అన్నిటికన్నా పైన ఆరేడు అంగుళాలు మంచి తోటమట్టి వేస్తే మొక్కలకు సరిపోతుంది.

రెండు సంగతులు మాత్రం చాలా ఇళ్లలో మరచిపోతుంటారు. మేడ మీది నీళ్ల గొట్టం తెచ్చి గోడ వెనక వదలడం ఒకటి. పైకప్పు మీద పడిన వానంతా తెచ్చి గోడ నెత్తిన పోసినట్టే అది. ఇంకుడు గుంతను గోడ వెనక తవ్వడం రెండోది. ఇంకుడు గుంత మంచిదే, ప్రతి ఇంటికీ ఉండాల్సిందే. కానీ అది గోడకు కింద వైపున, పునాదికి దూరంగా ఉండాలి. నీళ్లు ఇంకాల్సిన చోటు వేరు, గోడ నిలవాల్సిన చోటు వేరు.

సిమెంటు వేస్తే గట్టిగా ఉండదా?

అందరూ అడిగే ప్రశ్నే ఇది. మూడడుగుల తోట గోడకు సిమెంటు అవసరం లేదు. అతుకు లేని గోడలో ప్రతి సందూ నీళ్లకు దారే. నేల కాస్త సర్దుకున్నా గోడ కూడా సర్దుకుంటుంది, పగుళ్లు రావు. రాయి జారితే తీసి మళ్లీ పెట్టుకోవచ్చు. కాకపోతే కట్టేవాళ్ల చేతిలో పనితనం ఉండాలి, గోడ మందం కూడా ఎక్కువ కావాలి.

సిమెంటుతో కట్టించుకుంటే తక్కువ మందంతో సరిపెట్టొచ్చని మేస్త్రీలు చెబుతారు. కానీ సిమెంటు గోడ నీళ్లకు ఆనకట్ట. అందుకే దానికి వీప్‌హోల్స్ పెట్టి తీరాలి. అంటే నీళ్లు కారే తూములన్నమాట. నేలకు అరడుగు ఎత్తులో, నాలుగైదు అడుగులకొకటి చొప్పున మూడంగుళాల పైపు ముక్కలు, బయటకు వాలేలా పెట్టించాలి. వాటి వెనక గుప్పెడు కాదు, గంపెడు కంకర ఉండాలి. లేదంటే ఏడాదికే మట్టి పూడుకుపోతుంది. కొందరు పండక్కి రంగులేస్తూ గోడ ముఖమంతా ప్లాస్టరింగ్ చేయించి, పనిలో పనిగా ఆ తూముల్నీ మూసేస్తుంటారు. గోడ అందంగా ఉంటుంది... వానాకాలం దాకా!

వేళ్లు కాపాడతాయి, కూలుస్తాయి కూడా

గోడ పైన మట్టిని ఖాళీగా వదలకూడదు. గడ్డిజాతి మొక్కలు దీనికి మేలు. వట్టివేరు వేళ్లు పక్కలకు పాకకుండా నిలువునా రెండు మూడు మీటర్ల లోతుకు దిగి మట్టిని కుట్టేస్తాయి. నిమ్మగడ్డి, మరువం, బంతి, కనకాంబరం లాంటివి కూడా నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. మామిడి, పనస లాంటి పెద్ద చెట్లు మాత్రం గోడకు దూరంగా ఉండాలి.

అసలు ప్రమాదం మనం నాటని మొక్కలతో! పిట్టలు రాళ్ల సందుల్లో వేసిన రావి, మర్రి గింజలు మొలుస్తాయి. రెండాకులున్నప్పుడు వేలితో లాగేయొచ్చు. రెండేళ్లు ఆగితే గొడ్డలి కావాలి. అప్పటికి వేళ్లు రాళ్లను విడదీసేసి ఉంటాయి. పాత కోటగోడల్ని శత్రువుల ఫిరంగులకన్నా ఎక్కువగా కూల్చింది ఈ మొక్కలేనంటే అతిశయోక్తేమీ కాదు.

ఇప్పటికే గోడ ఉంటే...

కొత్తగా కట్టేవాళ్ల సంగతి సరే. ఇరవై, ముప్పయ్యేళ్ల నాటి గోడ నీడలో ఉంటున్నవాళ్లే ఎక్కువ. ఏటా మే నెలాఖరులో ఓ అరగంట దానికోసం కేటాయించాలి. గోడ గుండెలు విరుచుకున్నట్టు మధ్యలో ఉబ్బిందా? పైఅంచు నుంచి తూకం గుండు వదిలితే నిరుటి కన్నా ముందుకు వాలిందా? పగుళ్ల చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసి పెట్టుకుంటే, అవి పెరుగుతున్నాయో లేదో వచ్చే ఏడాది తెలుస్తుంది. గోడ వెనక మట్టి కుంగి నెరియలు పడ్డాయా? గోడ మీద ఎప్పుడూ చెమ్మ, తెల్లటి ఉప్పు చారలు ఉన్నాయా? జోరువానలో తూముల్లోంచి చుక్క నీరు రావట్లేదా? అలా రాకపోతే సంతోషించాల్సిన పనిలేదు, నీళ్లు లోపలే ఉన్నట్టు. పాత రాతికట్టు మీద ఎవరైనా ఇటుకలతో ప్రహరీ లేపారా?

వీటిలో ఏ ఒక్కటి కనపడినా గోడ కింద పిల్లల్ని ఆడనివ్వకూడదు. బండి పెట్టకూడదు. గోడకు ఆనుకుని గది ఉంటే ముసురు రోజుల్లో అందులో పడుకోకూడదు. పైన బీటల్లోకి నీళ్లు దిగకుండా పట్టా కప్పి, ఇంజినీర్ని పిలవాలి. ఉబ్బిన గోడకు పైపైన సిమెంటు పూయడం జ్వరమొచ్చినవాడికి పౌడరు రాయడం లాంటిదే. తూములు పూడితే ఇనుప చువ్వతో కదిపించుకోవడం, గోడ వెనకకు చేరే నీటిని కాలవ తీసి మళ్లించడం... ఖర్చు తక్కువైన ఈ రెండు పనులే చాలాసార్లు పెద్ద ప్రమాదాన్ని తప్పిస్తాయి.

రాతిగోడ తోటకు అందమిస్తుంది. మెట్టు మెట్టుకూ పూలు, సాయంత్రం కూర్చోవడానికి పైవరస బండలు, సందుల్లో బల్లులకూ కప్పలకూ ఓ ఆశ్రయం. కానీ దాని అసలు పని వానరాత్రి మొదలవుతుంది. ఇంట్లో అందరూ దుప్పటి ముసుగేసుకుని పడుకున్న వేళ పెరట్లో సన్నటి ధార చప్పుడు వినపడుతుంటే, గోడ మట్టిని పట్టుకుని నీటిని వదిలేస్తోందని అర్థం. ఆ చప్పుడు వింటూ హాయిగా నిద్రపోవచ్చు.